కంకిపాడు నియోజకవర్గం ఎటు పోయింది? విజయవాడ నగరాన్ని ఆనుకుని ఉన్న మేము బందరు పార్లమెంటు కిందికి ఎలా వెళ్లాం?

పోరంకి వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారిది కంకిపాడు. మొన్న సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలు వేయిస్తూ ఆయన ఇనప్పెట్టె సర్దుతుంటే, పొలం పాసుపుస్తకాల మధ్యలో ఆయన పాత ఓటరు గుర్తింపు కార్డు దొరికింది. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న కాలంలో ఇచ్చిన రకం అది. నలుపు తెలుపు ఫొటో. అంచున ప్లాస్టిక్ పొర లేచిపోయి, లోపలికి తేమ పట్టి, తాతగారి ఎడమ చెవి సగం చెరిగిపోయింది. వెనుకవైపు శాసనసభ నియోజకవర్గం అన్నచోట మాత్రం "కంకిపాడు" అని స్పష్టంగా చదవవచ్చు. ఇప్పుడు ఆ పేరుతో నియోజకవర్గమే లేదు. కంకిపాడు ఊరు, నేనుంటున్న పోరంకి రెండూ పెనమలూరు నియోజకవర్గంలో ఉన్నాయి.

అసలు సందేహం దీని తరువాతది. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట, ఆటోనగర్, కానూరు, తాడిగడప దాటితే మా పోరంకి వస్తుంది. దారి పొడుగునా దుకాణాలు, అపార్ట్‌మెంట్లే తప్ప, నగరం ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి ఒక్క ఖాళీ మడి కూడా కనిపించదు. అయినా లోక్‌సభకు మేము ఓటు వేసేది మచిలీపట్నం, అంటే బందరు అభ్యర్థికి. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, మేము కృష్ణా జిల్లాలో మిగిలాం. కలెక్టరేటు పని పడితే దాదాపు 60 కిలోమీటర్లు బందరుకు వెళ్లాలి. మా బాబాయిని అడిగితే "అదంతా అప్పటి నాయకులు కూర్చుని పంచుకున్న పంపకం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ఆ సమాధానం సరిపోలేదు. కంకిపాడు నియోజకవర్గం చరిత్ర, అది రద్దయిన కారణం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

లెక్కల మాస్టారు, గుణదల:

మీ బాబాయిగారి మాటను పూర్తిగా కొట్టిపారేయను కానీ, ఈ వ్యవహారంలో నాయకుల చేతికంటే భాగహారం చేయి పెద్దది. కాగితం, కలం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

1976లో 42వ రాజ్యాంగ సవరణతో లోక్‌సభ, శాసనసభ స్థానాల సంఖ్యను స్తంభింపజేశారు. 2001 నాటి 84వ సవరణ ఆ సంఖ్యను అలాగే ఉంచి, రాష్ట్రం లోపల హద్దులు సర్దుకోవడానికి మాత్రం వీలిచ్చింది. ఆ సర్దుబాటుకు 2001 జనాభా లెక్కలను ఆధారంగా తీసుకోవాలని 2003లో 87వ సవరణ చెప్పింది. కాబట్టి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ గారి అధ్యక్షతన ఏర్పడిన నియోజకవర్గాల పునర్విభజన సంఘం పని మొదలుపెట్టేనాటికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 42 లోక్‌సభ స్థానాలు, 294 శాసనసభ స్థానాలు అన్నది మార్చడానికి వీల్లేని అంకె. ఒక్కో లోక్‌సభ స్థానానికి సరిగ్గా ఏడు శాసనసభ స్థానాలు.

2001లో రాష్ట్ర జనాభా 7.62 కోట్లు. దాన్ని 294తో భాగిస్తే ఒక్కో శాసనసభ స్థానానికి సుమారు 2.59 లక్షల మంది వస్తారు. ఇప్పుడు జిల్లాల వారీగా చూడండి. కృష్ణా జిల్లా జనాభా 41.88 లక్షలు, 2.59తో భాగిస్తే పదహారు, పైన కొద్దిగా. అంతకుముందు మన జిల్లాకు 17 స్థానాలు ఉండేవి, 16 అయ్యాయి. గుంటూరు జిల్లా జనాభా 44.65 లక్షలు, భాగిస్తే పదిహేడు చిల్లర. 19 కాస్తా 17 అయ్యాయి. అదే లెక్కన హైదరాబాదుకు 15, రంగారెడ్డి జిల్లాకు 14 వచ్చాయి. మన దగ్గర తగ్గినది అక్కడ పెరిగింది. మన జనాభా తగ్గిందని కాదు, వాళ్లది మనకంటే వేగంగా పెరిగింది.

ఇక్కడితో ఆగితే జిల్లాకు ఒక్క స్థానమే పోవాలి కదా అని మీరు అడగవచ్చు. అసలు మెలిక నగరంలో ఉంది. 2001లో విజయవాడ నగరపాలక సంస్థ జనాభా 8.51 లక్షలు. 2.59తో భాగిస్తే మూడు దాటుతుంది. అంతకుముందు నగరం పేరు మీద తూర్పు, పశ్చిమ అని రెండే స్థానాలు ఉండేవి. కొత్తగా సెంట్రల్ పుట్టింది. మొత్తం ఒకటి తగ్గాలి, నగరానికేమో ఒకటి పెరగాలి. ఆ భారమంతా పల్లె నియోజకవర్గాల మీద, నగరం అంచున ఉన్నవాటి మీద పడింది. కంకిపాడు, ఉయ్యూరు, నిడుమోలు, మల్లేశ్వరం, ముదినేపల్లి అనే ఐదు పేర్లు పోయాయి. విజయవాడ సెంట్రల్, పెనమలూరు, పామర్రు, పెడన అనే నాలుగు వచ్చాయి. ఐదు పోయి నాలుగు వస్తే, పదిహేడు పదహారు అయింది.

ఇక పార్లమెంటు సంగతి. విజయవాడ లోక్‌సభకు ఏడు కావాలి. నగరంలోవి మూడు. పడమర, ఉత్తరాన ఉన్న మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు నాలుగు. ఏడూ నిండిపోయాయి. పెనమలూరుకు అందులో చోటు లేదు. గన్నవరం, గుడివాడ, పెడన, మచిలీపట్నం, అవనిగడ్డ, పామర్రులతో కలిపి దాన్ని బందరు కింద పెట్టారు, అక్కడా ఏడు. మిగిలిన నూజివీడు, కైకలూరు ఏలూరు లోక్‌సభకు వెళ్లాయి. పెనమలూరును విజయవాడలో ఉంచాలంటే తిరువూరునో జగ్గయ్యపేటనో బయటికి పంపాలి. జగ్గయ్యపేటను బందరులో కలిపితే పటం మీద ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నలభై ఏళ్లు పిల్లలకు భాగహారం చెప్పినవాడిని. శేషం ఎవరో ఒకరి నెత్తిన పడకుండా లెక్క తెగదని నాకు తెలుసు. ఈసారి అది మీ పోరంకి నెత్తిన పడింది.

బందరు రోడ్డు:

మాస్టారి లెక్కకు చరిత్ర వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతాను. మేము కంకిపాడు శాసనసభకు ఓటు వేసిన రోజుల్లో పార్లమెంటుకు విజయవాడే. పైగా కంకిపాడుకు విజయవాడ లోక్‌సభతో ఉన్న బంధం ఓట్లతో ఆగేది కాదు. 1962, 1967, 1971 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లిన డాక్టర్ కె.ఎల్.రావు గారు కంకిపాడులో పుట్టినవారే. కానూరి లక్ష్మణరావు అంటే ఈ తరం వారికి వెంటనే గుర్తు రాకపోవచ్చు కానీ, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా, అంతకుముందు ఇంజనీరుగా ఆయన పేరు నాగార్జున సాగర్‌తో ముడిపడి ఉంది. ఆయనకు ముందు 1952లో కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ, 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ విజయవాడ నుంచి గెలిచారు. ఇప్పుడు కె.ఎల్.రావు గారి సొంత ఊరు ఆయన ప్రాతినిధ్యం వహించిన స్థానంలోనే లేదు.

శాసనసభ వైపు చూస్తే కంకిపాడు పేరు రాష్ట్రమంతటా వినిపించింది దేవినేని రాజశేఖర్ గారి వల్ల. అందరూ నెహ్రూ అని పిలిచేవారు. 1983, 1985, 1989, 1994 ఎన్నికల్లో తెలుగుదేశం తరఫున వరుసగా నాలుగుసార్లు ఇక్కడి నుంచే గెలిచారు. 2004లో కాంగ్రెస్ తరఫున మళ్లీ గెలిచారు. కంకిపాడు పేరుతో జరిగిన చివరి సాధారణ ఎన్నిక అదే. ఆ రోజుల్లో ఎన్నికల ప్రచారం అంటే మా వీధిలో జీపు ఆగేసరికి వంటింట్లోంచి ఆడవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేవారు. ఎవరికి ఓటు వేస్తారన్నది మాత్రం ఎవరూ పైకి చెప్పేవారు కాదు, అది వేరే సంగతి.

స్థానాలు పోయినా నాయకులు పోలేదు. పక్క ఊరికి మకాం మార్చారు. 2004లో ఉయ్యూరు నుంచి గెలిచిన కొలుసు పార్థసారథి గారు 2009లో కొత్త పెనమలూరుకు తొలి శాసనసభ్యుడు అయ్యారు. నందిగామ ఎస్సీ రిజర్వుడు కావడంతో దేవినేని ఉమామహేశ్వరరావు గారు మైలవరం వెళ్లి గెలిచారు. కాబట్టి పోరంకి వాసి గారూ, మీ బాబాయిగారి "పంపకం" మాటలో సగం నిజం ఉంది: గీతలు గీసింది లెక్క, ఆ గీతల మధ్య చోటు వెతుక్కున్నది నాయకులు.

తెనాలివాడిని:

మీరంతా శాసనసభ స్థానం పోయిందని బాధపడుతున్నారు. మా తెనాలికి ఏకంగా లోక్‌సభ స్థానమే పోయింది. అదీ రెండుసార్లు.

1952లో కొత్త రఘురామయ్య గారు తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తరువాత ఆయన గుంటూరుకు మారి అక్కడ వరుసగా గెలుస్తూ వచ్చారు. 1957లో మాకు ఆచార్య ఎన్.జి.రంగా గారు, 1962లో కమ్యూనిస్టు పార్టీ నుంచి కొల్లా వెంకయ్య గారు. 1967, 1971 ఎన్నికల్లో తెనాలి పేరుతో స్థానం లేదు. మళ్లీ 1977లో తిరిగి వచ్చింది. అప్పుడూ 1980లోనూ మేడూరి నాగేశ్వరరావు గారు గెలిచారు. ఆయన 1971లో బందరు నుంచి సభ్యుడు. అంటే నియోజకవర్గాలు మారినప్పుడు మకాం మార్చడం 2009లో కొత్తగా పుట్టిన విద్య కాదు. మీ జిల్లాలోనే గుడివాడ కూడా 1971 వరకు లోక్‌సభ స్థానం, 1977 నాటికి లేదు. ఆ సంగతి గుడివాడ వాళ్లకే చాలామందికి తెలియదు.

1984 తరువాత తెనాలి ఓటరు ఎవరినీ ఎక్కువ కాలం కుదురుగా ఉండనివ్వలేదు. 1991లో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు గారిని పంపాం. 1996లో సినీ నటి శారద గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. 1998లో కాంగ్రెస్ నుంచి పి.శివశంకర్ గారు. 1999లో మళ్లీ ఉమ్మారెడ్డి గారు. 2004లో వల్లభనేని బాలశౌరి గారు. మా చిట్టచివరి ఎం.పి. ఆయనే. ఆ పైన ఆయన కూడా కృష్ణ దాటి మీ మచిలీపట్నం ఎం.పి. అయ్యారు. పోరంకి వాసి గారి ఎం.పి., ఒకప్పటి మా ఎం.పి. ఒకరే. ఈ కాకతాళీయం చూసి నవ్వాలో ఏడవాలో నాకైతే తెలియదు.

మాస్టారు చూపిన పద్ధతిలోనే మా జిల్లా లెక్క వేశాను. పదిహేడు స్థానాలు. గుంటూరు లోక్‌సభకు ఏడు: తాడికొండ, మంగళగిరి, పొన్నూరు, తెనాలి, ప్రత్తిపాడు, గుంటూరు తూర్పు, పడమర. నరసరావుపేటకు ఏడు. ఇక మిగిలినవి మూడే: వేమూరు, రేపల్లె, బాపట్ల. వాటికి ప్రకాశం జిల్లా నుంచి పర్చూరు, అద్దంకి, చీరాల, సంతనూతలపాడు కలిపి బాపట్ల లోక్‌సభ చేశారు, దాన్ని ఎస్సీ రిజర్వుడు చేశారు. నాలుగో గంపకు సరుకు లేదు. దుగ్గిరాల, కూచినపూడి శాసనసభ స్థానాలు కూడా ఆ ఏరులోనే కొట్టుకుపోయాయి. దుగ్గిరాల పసుపు మార్కెట్ పేరు దేశమంతా తెలుసు, కానీ ఆ పేరుతో శాసనసభలో కుర్చీ లేదు.

లెక్క నాకు అర్థమైంది. అయినా ఒక ఫిర్యాదు ఉంది. తెనాలి, వేమూరు, రేపల్లె, ఇవన్నీ పశ్చిమ డెల్టా ఊళ్లు. ఒకే కాలువ నీళ్లు తాగి, ఒకే నెలలో నాట్లు వేసి, ఒకే గాలివానకు నష్టపోయేవాళ్లం. కాలువకు నీళ్లు రాకపోతే ఒక్క ఎం.పి.ని అడిగితే సరిపోయేది. ఇప్పుడు ఎగువ వాళ్లు గుంటూరు ఎం.పి.ని, దిగువ వాళ్లు బాపట్ల ఎం.పి.ని అడగాలి. భాగహారంలో తలలు లెక్కకు వస్తాయి, కాలువలు రావు.

పోరంకి వాసి:

మాస్టారూ, బందరు రోడ్డు గారూ, తెనాలి మిత్రులూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ ప్రింట్ తీసి మా బాబాయికి చదివి వినిపించాను. ఆయన ఒక ప్రశ్న వేశారు, అది నాకూ న్యాయంగానే తోచింది. ఇంత మార్పు జరుగుతుంటే స్థానిక ఎం.పి.లు, ఎమ్మెల్యేలు ఊరికే చూస్తూ కూర్చున్నారా? ఎవరూ కోర్టుకు వెళ్లలేదా?

అరండల్‌పేట:

నేను కొంతకాలం గుంటూరులో న్యాయవాద వృత్తిలో ఉన్నాను కాబట్టి ఈ భాగం నేను చెబుతాను. పునర్విభజన చట్టం ప్రకారం ప్రతి పెద్ద రాష్ట్రం నుంచి ఐదుగురు ఎం.పి.లు, ఐదుగురు ఎమ్మెల్యేలు సంఘంలో అనుబంధ సభ్యులుగా ఉంటారు. వారు చర్చలో మాట్లాడవచ్చు, భిన్నాభిప్రాయం రాసి ఇవ్వవచ్చు, కానీ వారికి ఓటు హక్కు లేదు. ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, బహిరంగ విచారణలు జరిపి, అభ్యంతరాలు విని తుది ఉత్తర్వు ఇస్తారు. ఆ తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది, దాన్ని ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించడానికి వీల్లేదని ఆ చట్టమే చెబుతోంది. రాజ్యాంగం 329వ అధికరణం కూడా అదే మాట అంటుంది. కనుక అభ్యంతరం ఏదైనా చెప్పుకోవలసింది ముసాయిదా దశలోనే. కొత్త హద్దులు 2008 ఫిబ్రవరి 19న అమలులోకి వచ్చాయి. మన రాష్ట్రంలో వాటి ప్రకారం తొలి సాధారణ ఎన్నికలు 2009లో జరిగాయి.

అయితే అప్పట్లో ఎవరూ ఊహించని మలుపు ఒకటుంది. ఎన్నికల కోసం గీసిన ఆ గీత, 2022 ఏప్రిల్ 4న జిల్లాలను 26 చేసినప్పుడు చాలా చోట్ల జిల్లా సరిహద్దు అయింది, ఎందుకంటే స్థూలంగా లోక్‌సభ స్థానాన్నే ప్రాతిపదికగా తీసుకున్నారు. ఐదేళ్లకు ఒకసారి ఓటు వేసే రోజు మాత్రమే గుర్తుకు వచ్చే హద్దు, ఇప్పుడు రెవెన్యూ పనికీ, జిల్లా పోలీసు కార్యాలయానికీ హద్దయింది. పోరంకి వాసి గారి అసలు కష్టం 2008 నాటిది కాదు, 2022 నాటిది. 2008 గీత ఒక్కటే అయితే బహుశా ఆయన ఈ ప్రశ్న అడిగేవారే కాదు.

ఒకప్పటి ఢిల్లీవాసి:

నగర శివారు స్థానాలకు ఈ గతి పట్టడం మన ఒక్కచోటే కాదు. ఉద్యోగరీత్యా నేను ఉన్న ఢిల్లీలో 'బాహరీ దిల్లీ' (ఢిల్లీ శివారు) అనే లోక్‌సభ స్థానం 1952 నుంచి ఉండేది. మొదట్లో చుట్టూ ఊళ్లు, పొలాలు. తరువాత తరువాత అనుమతి లేని కాలనీలు, పునరావాస బస్తీలు. హద్దులు మాత్రం మార్చకుండా ఉంచేయడంతో ఓటర్లు పెరిగి పెరిగి, 30 లక్షలు దాటి, దేశంలోనే అతి పెద్ద స్థానంగా మారింది. పాత ఢిల్లీలోని చాందినీ చౌక్ ఓటరుతో పోలిస్తే అక్కడి ఓటుకు విలువ ఎంత పలచబడిందో చెప్పనక్కరలేదు. 2008లో దాన్ని రద్దు చేసి వాయవ్య, పశ్చిమ, దక్షిణ ఢిల్లీ స్థానాల్లో కలిపారు. ఇంచుమించు అదే సమయంలో హైదరాబాదు శివార్లలో మల్కాజిగిరి కొత్తగా పుట్టింది. 2019 నాటికి దాని ఓటర్లు కూడా 31 లక్షలు దాటారు. శివారును ఎంత కొలిచి కత్తిరించినా, కుట్టు పూర్తయ్యేలోపే ఒళ్లు పెరిగిపోతుంది. మీ కానూరు, పోరంకి వైపు కడుతున్న అపార్ట్‌మెంట్లు చూస్తే పెనమలూరుదీ అదే దారి అనిపిస్తోంది. 2026 తరువాతి జనాభా లెక్కలతో మళ్లీ హద్దులు మారే అవకాశం ఉంది కాబట్టి తెనాలి మిత్రులు, పోరంకి మిత్రులు ముసాయిదా వచ్చే రోజు కోసం ఇప్పటినుంచే కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.

లెక్కల మాస్టారు, గుణదల:

పోరంకి వాసి గారూ, ఒక చిన్న పని చేయండి. తాతగారి కార్డు మీద సంఖ్య చూడండి. పాత కార్డుల్లో మొదట రాష్ట్రం పేరుకు రెండక్షరాలు, అడ్డగీత, తరువాత లోక్‌సభ స్థానం సంఖ్య, మళ్లీ అడ్డగీత, ఆపైన శాసనసభ స్థానం సంఖ్య, చివర ఓటరు సంఖ్య ఉండేవి. విజయవాడలో ఉన్న బంధువుల పాత కార్డు ఏదైనా దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చండి. సంఖ్యలు మాత్రం ఇక్కడ రాయవద్దు.

పోరంకి వాసి:

మాస్టారూ, మీరు చెప్పినట్లే చేశాను. వన్‌టౌన్‌లో మా మేనత్త దగ్గర అదే కాలం నాటి కార్డు ఉంది. బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించి దాచుకున్నారు. దాన్ని తాతగారి కార్డు పక్కన పెట్టి చూశాను. రాష్ట్రం అక్షరాలు ఒకటే. రెండో సంఖ్య, అంటే లోక్‌సభ స్థానానిది, రెండు కార్డుల మీదా ఒకటే. మూడోది మాత్రం వేరు. మా బాబాయి కళ్లద్దాలు తెప్పించుకుని రెండుసార్లు చూశారు. తాతగారి కార్డుకు కొత్త ప్లాస్టిక్ పొర వేయించడానికి రేపు బెంజి సర్కిల్ దాకా వెళ్తున్నాను.